మిల్‌ఫర్డ్ వైద్యుడు - కాన్సస్ ఓటరు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేయబడిన ప్రసంగము)



ఊరి వైద్యుడు ఎన్నికలకు నిలుచుట మనకు వింత గాదు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ శాసనసభలలో వైద్యులును, ఆసుపత్రుల యజమానులును సభ్యులైన సందర్భములు పెక్కులు గలవు. అర్ధరాత్రమున తలుపు తట్టినపుడు లేచివచ్చి బిడ్డకు మందిచ్చినవాడు పగటివేళ చేతులు జోడించి ఓటడిగినచో కాదనుటకు ఎవరికి నోరాడును? ఆ మొగమాటము మంచిదే. కృతజ్ఞత లేని ఊరు ఊరే కాదు. కాని ఆ కృతజ్ఞతకు ఎల్ల యెచ్చట? ఈ ప్రశ్నకు బదులు వెదకువారు తప్పక చదువదగిన వృత్తాంత మొకటి అమెరికాదేశమున, కాన్సస్ రాష్ట్రమున జరిగినది. అది కట్టుకథ గాదు. ఓట్ల లెక్కలతోను, న్యాయస్థానపు తీర్పులతోను నిలిచియున్న చరిత్ర.

కాన్సస్ అమెరికాకు నట్టనడుమ నున్నది. గోధుమ పండు నేల. అచ్చటి గవర్నరు మన గవర్నరువలె కేంద్రము నియమించినవాడు గాడు. ప్రజలే నేరుగా ఎన్నుకొందురు, పాలనాధికారము ఆయన చేతిలో నుండును. మన ముఖ్యమంత్రితో పోల్చినచో సరిపోవును. ఈ కథ జరిగిన దినములలో ఆ పదవి రెండేండ్లకొక పర్యాయము ఎన్నికకు వచ్చెడిది.

కథానాయకుని పేరు జాన్ రోములస్ బ్రింక్లీ. 1885వ సంవత్సరమున ఉత్తర కరొలీనా కొండప్రాంతమున పేదయింట పుట్టి, చిన్ననాటనే తల్లిదండ్రులను పోగొట్టుకొని, తంతి కార్యాలయములలో పనిచేయుచు పెరిగినవాడు. వైద్యవిద్యకై షికాగో నగరమున ఒక కళాశాలలో చేరెనుగాని ముగింపలేదు. ఆపైన 1915లో కాన్సస్ సిటీయందలి మరియొక సంస్థనుండి పట్టా సంపాదించెను. డబ్బు చెల్లించినవారికి పట్టాలిచ్చు సంస్థ యని దానికి చెడ్డపేరుండెడిది. అయినను ఆనాటి చట్టముల ప్రకారము కొన్ని రాష్ట్రములలో ఆ పట్టా చెల్లెను.

1917లో అతడు మిల్‌ఫర్డ్ అను చిన్న ఊరు చేరెను. ఆ ఊరికి అప్పుడు వైద్యుడు లేడు. మరుసటి యేడే పదునారు గదుల ఆసుపత్రి కట్టెను. అదే 1918లో ప్రపంచమంతట విషజ్వరము ప్రబలినది. మన దేశమున ఒక కోటికి పైగా ప్రజలను పొట్టన బెట్టుకొన్న ఇన్‌ఫ్లుయెంజా అదే. మిల్‌ఫర్డ్‌కు సమీపముననే పెద్ద సైనికశిబిర ముండుటచేత ఆ ప్రాంతమున జ్వరము మిక్కుటముగా నుండెను. బ్రింక్లీ ఆ దినములలో పల్లెపల్లెకు తిరిగి రోగులకు సేవచేసెననియు, పెక్కుమందిని బ్రతికించెననియు అతని విరోధులు సైతము కాదనలేదు. అతని నిర్మాణమునకు ఈ పునాది నిజమైనది. దీనిని మరచినచో తరువాతి కథయంతయు ఒక గారడివాని కథగా మిగులును. ఓటర్లందరును వెఱ్ఱివారుగా కనబడుదురు. వారు వెఱ్ఱివారు గారు.

ఆపైన ఆసుపత్రి వ్యాపారముగా మారెను. మేకపోతు వృషణగ్రంథులను తెచ్చి పురుషుల శరీరమున పొదిగినచో తగ్గిన సత్తువ మరల వచ్చునని బ్రింక్లీ ప్రకటించెను. ఒక్కొక్క శస్త్రచికిత్సకు 750 డాలర్లు. 1925 ప్రాంతమున కొత్త ఫోర్డు కారు అందులో సగము వెలకే దొరకెడిదని చెప్పిన ఆ మొత్తము బరువు తెలియును. తొలుత చికిత్స పొందిన రైతులలో ఒకరికి పిమ్మట బిడ్డ పుట్టెనను వార్త దేశమంతట ప్రాకినది. రోగులు రైళ్లమీద దిగసాగిరి.

ఆ చికిత్స ఎందుకు పనిచేయదో చెప్పుట కష్టము గాదు. ఒక జంతువు అవయవమును మరియొక జంతువు శరీరమున ఉంచినపుడు ఆ శరీరము దానిని పరాయిదిగా గుర్తించి నాశనము చేయును. నేటి వైద్యులు మనిషి మూత్రపిండమును మనిషికి అమర్చునపుడు సైతము ఈ తిరస్కారము నడ్డుకొనుటకు జీవితాంతము మందులు వాడింతురు. అట్టి మందులు లేని ఆ రోజులలో మేకగ్రంథి కొలది దినములలో కరగిపోవుట తప్ప చేయగలిగిన దేమియు లేదు. గాయము చీము పట్టినచో ప్రాణమునకే ముప్పు. మరి బాగుపడితిమని చెప్పిన వారి మాట యేమి? నమ్మకముచేత కొంతకాలము ఊపు కలుగుట కద్దు. పైగా బాగుపడితిమని అనుకొన్నవాడు నలుగురికి చెప్పును. మోసపోయినవాడు సిగ్గుచేత నోరెత్తడు. మరణించినవాడు సాక్ష్యమునకు రాడు. ఇట్టి వైద్యములకు కీర్తి వచ్చుట యెల్ల దేశములందును ఈ మూడింటివలననే.

1923లో బ్రింక్లీ సొంతముగా రేడియో కేంద్రము స్థాపించెను. పొలమునుండి ఇల్లు చేరిన రైతుకు వార్తాపత్రిక మరునాడుగాని రాదు. ఈ రేడియోలో ధాన్యపు ధరలు, జానపద సంగీతము, దైవప్రసంగము, నడుమ వైద్యుని మాటలు వినబడెడివి. పెద్ద నగరపు వైద్యుడెవ్వడును మాటాడని తీరున, పల్లెవారి యాసలో, వారి ఇంటి అరుగుమీద కూర్చున్నట్లు అతడు మాటాడెడివాడు. 1929లో ఒక పత్రిక నడపిన పోటీలో శ్రోతల ఓట్లతో ఆ కేంద్రము దేశమున మొదటి స్థానము పొందెను.

ఆ మాటలలోనే వ్యాపార మిమిడియుండెను. శ్రోతలు తమ బాధలు జాబులలో వ్రాసెడివారు. అతడు రోగిని చూడకయే, నాడి పట్టకయే, జాబు చదివి, ఫలానా నెంబరు సీసా, ఫలానా నెంబరు మాత్ర పుచ్చుకొనుడని గాలిలో చెప్పెడివాడు. ఆ నెంబర్ల మందులు అతనితో ఒప్పందము కుదుర్చుకొన్న అంగళ్లలోనే దొరకును. అమ్మకమునుండి ఒక భాగము అతనికి చేరును. మందుల అంగడివానికి లాభము, తపాలాకు లాభము, ఊరికి లాభము. మిల్‌ఫర్డ్‌కు విద్యుద్దీపములు, మురుగుకాలువలు, క్రొత్త తపాలా కార్యాలయము వచ్చినవి. పిల్లల బంతియాట జట్టుకు సైతము అతడే ఖర్చుపెట్టెను. ఆ జట్టు పేరు బ్రింక్లీ మేకలు! ఊరి బాగునకు ఇంత చేసినవానిని ప్రశ్నించు ఊరివా డెవడు?

ప్రశ్న బయటినుండి వచ్చినది. అమెరికన్ వైద్యసంఘపు పత్రిక సంపాదకుడు డాక్టర్ మోరిస్ ఫిష్‌బీన్ అతని పద్ధతులను చాలకాలముగా ఎండగట్టుచుండెను. 1930లో కాన్సస్ సిటీ స్టార్ అను దినపత్రిక రోగుల కథలను వరుసగా వెలువరించెను. బ్రింక్లీ తన చేతనే సంతకముచేసిన మరణపత్రములు నలుబదిరెండు అని తేలెను. వారిలో కొందరు వచ్చునాటికి పెద్ద జబ్బు లేనివారే. ఆ జూన్‌లో రేడియో సమితి అతని అనుమతిని పొడిగింప నిరాకరించినది. అప్పీలు తేలువరకు మాత్రము కేంద్రము నడచెను. తుదకు 1931లో న్యాయస్థానము సమితిని సమర్థించుచు, ఆ కేంద్రము ప్రజాహితమునకు గాక ఒక వ్యక్తి లాభమునకే నడచినదని చెప్పెను. 1930 సెప్టెంబరులో రాష్ట్ర వైద్యమండలి సభ్యులు మిల్‌ఫర్డ్‌కే వెళ్లి, బ్రింక్లీ చేసిన రెండు శస్త్రచికిత్సలను కన్నులార చూచి, మరలివచ్చి అతని వైద్యానుమతిని రద్దుచేసిరి.

కొలది దినములలోనే బ్రింక్లీ గవర్నరు పదవికి పోటీచేయుచున్నట్లు ప్రకటించెను!

ఇచ్చట ఒక్క విషయము గట్టిగా పట్టుకొనవలెను. వైద్యమండలి సభ్యులను నియమించువాడు గవర్నరు. అనుమతి తీసివేసిన మండలిని మార్చు అధికారము ఏ పదవికి కలదో ఆ పదవినే అతడు కోరెను. పాఠశాల పిల్లలకు ఉచిత పుస్తకములు, ముదుసళ్లకు పింఛను, పన్నుల తగ్గింపు, మంచి బాటలు, జిల్లాకొక చెరువు అని అతడు వాగ్దానములు చేసెను. వాగ్దానములు చెడ్డవి గావు. వానిలో కొన్ని పిమ్మట అందరును చేసినవే. కాని ఆ పట్టికలో కనబడని పంక్తి మండలి నియామకమే.

ఓటరు మనసు ఎట్లుండెనో తెలియవలెనన్న ఆ ఏటి సంగతులు తలపునకు తెచ్చుకొనవలెను. 1929 చివర న్యూయార్కు వాటాల బజారు కూలినది. గోధుమ ధర పడిపోయినది. బ్యాంకులు మూతపడుచుండెను. పట్టణపు పెద్దమనుష్యులెవ్వరును రైతు గోడు వినని కాలమది. వినినవాడు రేడియో వైద్యు డొక్కడే యని రైతు తలచెను. ఆ వైద్యుని పట్టణపు వైద్యులు, పట్టణపు పత్రిక, ప్రభుత్వ సమితి ఏకమై పట్టి పీడించుచున్నారని అతడు చెప్పినపుడు, పీడన అన నేమో ఎరిగిన రైతు నమ్మినాడు. తన కష్టమును వైద్యుని కష్టములో చూచుకొన్నాడు.

అభ్యర్థిత్వ ప్రకటన ఆలస్యమగుటచే అచ్చయిన ఓటుపత్రములో అతని పేరు లేదు. ఆ దేశపు చట్టములో అట్టివానికిని ఓటు వేయు దారి యొకటి కలదు. ఖాళీగా విడిచిన చోట ఓటరు తన చేతితో పేరు వ్రాయవలెను. బ్రింక్లీ తన విమానములో ఊరూరు తిరిగి, సంగీతముతో సభలు నడపి, రేడియోలో దినదినము పేరు వ్రాయు విధము నేర్పెను. ఎన్నికకు కొలది దినముల ముందు రాష్ట్ర న్యాయాధికారి ఒక నిర్ణయము వెలువరించెను: 'జె. ఆర్. బ్రింక్లీ' యని సరిగ వ్రాసిన పత్రమే చెల్లును, తక్కినవి చెల్లవు. డాక్టర్ బ్రింక్లీ అనినను చెల్లదు, జాన్ బ్రింక్లీ అనినను చెల్లదు, అక్షర మొకటి తప్పినను చెల్లదు.

ఓట్లు లెక్కింపగా డెమోక్రాటిక్ పార్టీ అభ్యర్థి హారీ వుడ్‌రింగ్‌కు 2,17,171, రిపబ్లికన్ పార్టీ అభ్యర్థి ఫ్రాంక్ హాకీకి 2,16,920, బ్రింక్లీకి 1,83,278 వచ్చినవి. గెలుపు 251 ఓట్ల తేడాతో. అక్షరదోషములచేత ప్రక్కకు నెట్టబడిన పత్రములు వేలకొలది. అన్నిటిని లెక్కించినచో బ్రింక్లీయే గెలిచి యుండెడివాడని నమ్మినవారు పెక్కుమంది. అంత స్వల్పపు తేడాతో ఓడినవారును మరల లెక్కింపు కోరక ఊరకుండుటకు కారణ మదియే యని చెప్పుదురు.

బ్రింక్లీ గెలువకపోవుట మంచిదే యనిపించును. కాని ఆ మంచి వచ్చిన దారి మంచిది గాదు. వైద్యుడు తగనివాడైనచో ఆ మాట ఓటరుకు చెప్పి ఒప్పించవలెను. ఓటరు వ్రాసిన పేరులోని అక్షరములు చూపి ఓటును పారవేయరాదు. జర్మనీనుండి, స్వీడన్‌నుండి వలసవచ్చి ఆంగ్లము అంతంతమాత్రముగా వ్రాయు రైతులు ఆ రాష్ట్రమున ఎందరో యుండిరి. వారి మనస్సు ఎవరియందున్నదో పత్రము చూచిన ఎవరికైనను తెలియును. ఈ విషయమున మన దేశపు పద్ధతి మేలైనది. చదువురానివారే మిక్కుటముగా నున్న 1951-52 తొలి సార్వత్రిక ఎన్నికలలో ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క పెట్టె, దానిపై గుర్తు ఉంచిరి. తరువాత ముద్ర వేయు పద్ధతి వచ్చినపుడును, ముద్ర అస్పష్టముగా నున్నదను కారణముననే పత్రమును త్రోసివేయరాదనియు, ఓటరు ఉద్దేశము స్పష్టముగా తెలిసినచో లెక్కింపవలెననియు నియమము చేసిరి.

కాన్సస్‌లో ఓటును ఆ విధముగ త్రోసివేసిన ఫలితము రెండేండ్లలో కనబడెను. అన్యాయమునకు గురియైన వీరుడుగా బ్రింక్లీ 1932లో మరల నిలిచెను. ఈసారి పేరు అచ్చయి యుండెను. ఆల్ఫ్ లాండన్‌కు 2,78,581, వుడ్‌రింగ్‌కు 2,72,944, బ్రింక్లీకి 2,44,607. వైద్యానుమతి పోయి, మరణపత్రముల సంగతి పత్రికల కెక్కి, రేడియో మూతపడిన పిమ్మట సైతము నూటికి ముప్పదిమంది అతనికే ఓటు వేసిరి! 1934లో రిపబ్లికన్ పార్టీ లోపలి ఎన్నికలో లాండన్ చేత ఓడిన తరువాతగాని ఆ ప్రయత్నము సాగుట మానలేదు.

మన చట్టము ఇట్టి సందర్భములకు కొంత అడ్డుకట్ట వేసినది. ప్రభుత్వమునకు సరకులు సరఫరా చేయు ఒప్పందము నడచుచున్నవాడు శాసనసభకు నిలుచుటకు అర్హుడు గాడు. కావున ప్రభుత్వపు ఆసుపత్రికి మందులు అమ్ము వర్తకుడు ముందుగా ఆ ఒప్పందమును వదలుకొనవలెను. ఓటరుకు కానుక ఇచ్చి ఓటు కోరుట, అది నగదైనను, మందుసీసాయైనను, అవినీతికరమైన చర్యయే. సుప్రీంకోర్టు తీర్పుల ఫలితముగా 2003నుండి ప్రతి అభ్యర్థియు తనపై గల క్రిమినల్ కేసులు, ఆస్తులు, అప్పులు, చదువు ప్రమాణపత్రమున తెలుపవలెను. ఆ పత్రము దాపరికముగా నుంచునది గాదు; కోరినవా రెవరైనను చదువవచ్చును.

అయినను చట్టమున సందులు గలవు. ఆసుపత్రికి అనుమతి ఇచ్చునది ప్రభుత్వము; తనిఖీ చేయునది ప్రభుత్వము; 2007లో ఆరోగ్యశ్రీ ఆరంభమైన నాటినుండి ప్రైవేటు ఆసుపత్రులకు రోగుల చికిత్స నిమిత్తము డబ్బు చెల్లించునదియు ప్రభుత్వమే. ఆసుపత్రి యజమాని ఆ ప్రభుత్వమున భాగస్వామి యైనపుడు తనను తాను తనిఖీ చేసికొనునా అను ప్రశ్న ప్రమాణపత్రములో ఉండదు. దానిని ఓటరే, సభలో, అందరియెదుట, మర్యాదగా అడుగవలెను. మంచి వైద్యుడు ఆ ప్రశ్నకు నొచ్చుకొనడు. రోగి ఆసుపత్రి మంచముమీద నున్నపుడు వైద్యుని మాటకు ఎదురాడలేడు. అచ్చట నమ్ముటయే గతి. ఓటు వేయుచోట అట్టి నిస్సహాయత లేదు. వైద్యుని ఋణము వైద్యునికి తీర్చుటకు వేరు దారులు పెక్కులు గలవు.

కాన్సస్ కథ మిగిలిన భాగము పొట్టిది. బ్రింక్లీ 1931లోనే సరిహద్దుకు ఆవల మెక్సికో నేలమీద బలమైన రేడియో కేంద్రము పెట్టి, 1933లో ఆసుపత్రిని ఈవలి గట్టున టెక్సాస్‌లోని డెల్ రియో పట్టణమునకు మార్చెను. అచ్చటను డబ్బు వరదవలె వచ్చెను. 1938లో ఫిష్‌బీన్ అతనిని బూటకపు వైద్యుడని మరల వ్రాయగా, పరువునష్టము దావా వేసెను. ఇదియే అతడు చేసిన పెద్ద పొరపాటు. అంతవరకు సభలలోను, రేడియోలోను మాత్రమే మాటాడినవాడు ప్రమాణము చేసి ప్రశ్నలకు బదులు చెప్పవలసి వచ్చెను. 1939లో జ్యూరీ ఫిష్‌బీన్ పక్షమున తీర్పు చెప్పినది. ఆ వెనుక పాత రోగులు ఒకరివెంట ఒకరు దావాలు వేసిరి. 1941లో అతడు దివాలా తీసెను. తపాలాద్వారా మోసము చేసెనను నేరారోపణయు వచ్చినది. విచారణ జరుగకమునుపే 1942 మే నెలలో మరణించెను.

ఎన్నికల వేదికపై పదేపదే చెప్పినను ఎవరును అడుగని ప్రశ్నలను న్యాయస్థానమున ఇద్దరు ముగ్గురు న్యాయవాదులు కొలది దినములలో అడిగిరి. అట్టి ప్రశ్నలకు కావలసిన పత్రములు, పట్టా వివరములు, మరణపత్రముల లెక్కలు 1930నాటికే అచ్చులో నుండెను. చదివినవారు కొందరు, నమ్మినవారు ఇంకను తక్కువమంది. ఏలయన ఆ వ్రాతలు నగరపు పత్రికలో వచ్చినవి, వైద్యుని గొంతు మాత్రము ఇంటిలో వినబడినది. పల్లెయందు పత్రిక చదివి, చదివినదానిని గురించి నలుగురు కూర్చుండి తర్కించుకొను చోటు ఒకటి యుండెనా లేదా అను దానిపై చాల సంగతి ఆధారపడి యుండును. ఈ గ్రంథాలయపు బల్లల చుట్టు గడచిన యిరువదియైదేండ్లుగా జరుగుచున్న తగవులను ఎవరైనను విసుగుకొన్నచో ఈ మాట వారికి చెప్పవలెను.

జిల్లాకొక చెరువు త్రవ్వింతునని బ్రింక్లీ చెప్పిన మాట కాన్సస్‌లో చాలకాలము హాస్యముగా చెప్పుకొనబడెను. అతడు పోయిన యిరువదియైదేండ్లకు, 1967లో, రిపబ్లికన్ నదిపై ఆనకట్ట పూర్తియై ఆ రాష్ట్రమునందెల్ల పెద్దదైన జలాశయము ఏర్పడెను. దాని పేరు మిల్‌ఫర్డ్ జలాశయము. ఆ నీటికి చోటిచ్చుటకై మిల్‌ఫర్డ్ ఊరినే అంతకు ముందున్న తావునుండి కదలింపవలసి వచ్చినది.